తపస్సు కాలంలో మూడో వారం దాటడం ఎలా?

ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాస కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకొని ఇంటికి వచ్చేటప్పుడు ఉండే పట్టుదల మూడో వారం శుక్రవారం సాయంత్రానికి ఏమైపోతుందో, ఈ నలభై రోజులు ఒక్కసారైనా పాటించడానికి ప్రయత్నించిన వారికి వేరే చెప్పనక్కరలేదు. కతోలికులు తపస్సు కాలమని, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ సంఘాల వారు శ్రమల కాలమని, లెంట్ దినాలని పిలుచుకొనే ఈ రోజుల్లో చాలామంది మధ్యలో ఆగిపోవడానికి కారణం భక్తి లేకపోవడం కాదు. మొదటి రోజే మోయలేనంత బరువు ఎత్తుకుంటాము. మధ్యలో జారిపడితే ఎలా లేవాలో ముందుగా ఆలోచించి పెట్టుకోము. ఈ రెండు పొరపాట్లనూ తప్పించుకోవడానికి ఏం చేయవచ్చో, ఏ వరుసలో చేయవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. నేను కతోలిక విచారణలో (ఒక ఫాదర్ పరిధిలోని సంఘంలో) పెరిగినవాణ్ణి గనుక మాటలు ఆ సంప్రదాయానివే ఎక్కువగా దొర్లుతాయి; తక్కిన సంఘాల వారు తమ ఆరాధన క్రమానికి తగినట్లు మార్చుకోగలరు.

ముందుగా రోజులు లెక్కపెట్టుకోండి

విభూది బుధవారం నుంచి ఈస్టరుకు ముందురోజైన పవిత్ర శనివారం వరకు క్యాలెండరులో లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. వాటిలో 6 ఆదివారాలు. ప్రతి ఆదివారమూ ప్రభువు పునరుత్థానాన్ని స్మరించుకొనే దినం గనుక దానిని ఉపవాస దినంగా లెక్కించరు. ఆ ఆరూ పోగా మిగిలినవే ప్రభువు ఎడారిలో గడిపిన 40 రోజులకు గుర్తుగా మనం పాటించేవి. మార్చి 21న గానీ, ఆ తరువాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటిన ఆదివారం ఈస్టరు అవుతుంది కాబట్టి తేదీలు ఏటా మారుతుంటాయి. 2026లో విభూది బుధవారం ఫిబ్రవరి 18న, ఈస్టరు ఏప్రిల్ 5న వచ్చాయి. 2027లో ఇవి ఫిబ్రవరి 10న, మార్చి 28న వస్తాయి. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే గుణదల మాత ఉత్సవాలకు వెళ్లే అలవాటున్న కుటుంబాలు ఆ సంవత్సరం ప్రయాణపు భోజనాల విషయం ముందే ఆలోచించుకోవాలి, ఎందుకంటే ఒక్కపొద్దు ఉండవలసిన బుధవారం సరిగ్గా ఉత్సవాల నడిమి రోజున పడుతుంది.

లెక్క తెలిసిన తరువాత ఆ క్యాలెండరు మీదనే మీ ఇంటి బరువు రోజులను గుర్తుపెట్టండి. మన ప్రాంతంలో ఈ కాలం తీరికగా దొరికేది కాదు. ఇంటర్, పదో తరగతి పరీక్షలు ఈ రోజుల్లోనే ఉంటాయి. ఉద్యోగులకు, వ్యాపారులకు మార్చి 31 లోపల లెక్కలు ముగించే ఒత్తిడి ఉంటుంది. గుంటూరు, ఖమ్మం వైపు మిర్చి కోతలు జోరుగా సాగుతూ, తెల్లవారుజామున ట్రాక్టరెక్కి పొలానికి వెళ్లిన మనిషి పొద్దుగూకే వేళకు గానీ ఇల్లు చేరడు. ఇవన్నీ లేనట్లు ఊహించుకొని వేసుకొన్న ప్రణాళిక నిలబడదు.

కాగితం మీద మూడు వాక్యాలు

విభూది బుధవారం పూజలో చదివే సువిశేషం (సువార్త) మత్తయి 6వ అధ్యాయంలోనిది. అందులో ప్రభువు మొదట దానం గురించి, తరువాత ప్రార్థన గురించి, చివరగా ఉపవాసం గురించి చెప్పాడు. మనమేమో ఉపవాసంతో మొదలుపెట్టి, అక్కడే అలసిపోయి, దానం దాకా రానే రాము. కాబట్టి ఆ బుధవారానికి ముందే ఒక చిన్న కాగితం తీసుకొని ఈ మూడింటికీ ఒక్కొక్క వాక్యం చొప్పున రాసుకోండి. వాక్యంలో పని, వేళ, కొలత మూడూ కనిపించాలి. “ఎక్కువగా ప్రార్థిస్తాను” అనేది సంకల్పం కాదు, కోరిక మాత్రమే. “రాత్రి భోజనమయ్యాక కంచాలు తీసేలోపల 51వ కీర్తన చదువుతాను” అనేది సంకల్పం.

రాసిన తరువాత ప్రతి వాక్యాన్నీ ఒక్క ప్రశ్నతో పరీక్షించండి: ఇందాక క్యాలెండరు మీద గుర్తుపెట్టిన రోజుల్లోకెల్లా బరువైన రోజున కూడా దీన్ని చేయగలనా? చేయలేనని తోస్తే అక్కడికక్కడే సగానికి తగ్గించండి. ఇందులో సిగ్గుపడవలసినదేమీ లేదు. ఒక సంవత్సరం నేను మాంసం, కాఫీ, టీవీ మూడూ ఒకేసారి మానేసి, పైగా తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి బైబిలు చదువుతానని ప్రమాణం చేశాను. రెండో వారం నడుస్తుండగా ఒక ఉదయం పులుసులో ఉప్పు తగ్గిందని కంచం పక్కకు నెట్టాను. “ఉపవాసం మీరుంటున్నారు గానీ తపస్సు మేము చేస్తున్నామండీ” అని మా ఇంట్లో ఆమె నెమ్మదిగా అన్నమాట ఆ ఏడాది నేను విన్న ప్రసంగాలన్నింటికన్నా ఎక్కువగా నాకు గుర్తుండిపోయింది. ఆ మరుసటి ఏడాది నుంచి నా కాగితం మీద మూడు వాక్యాలకు మించి రాయలేదు.

ఉపవాసం: ఏది విధి, ఏది మీ ఇష్టం

కతోలిక తిరుసభ (చర్చి) నియమం మనం అనుకొనేదానికన్నా తేలికైనదే. విభూది బుధవారం, శుభ శుక్రవారం (గుడ్ ఫ్రైడే) ఈ రెండు రోజులే విధిగా ఉపవాసం ఉండవలసినవి; 18 ఏళ్లు నిండినవారి నుంచి 59 ఏళ్లు నిండేవరకు ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. ఉపవాసమంటే రోజుకు ఒక్కటే నిండు భోజనం. తక్కిన రెండు వేళల్లో కొద్దిగా తీసుకోవచ్చు గాని, ఆ రెండూ కలిపినా ఒక పూట భోజనమంత కాకూడదు. మన పెద్దలు ఒక్కపొద్దు అన్నది దాదాపు ఇదే. మాంసాహారం మానవలసిన నియమం 14 ఏళ్లు నిండిన అందరికీ వర్తిస్తుంది. ఈ రెండు రోజులతో పాటు తపస్సు కాలంలోని శుక్రవారాలన్నీ దాని కిందికి వస్తాయి. శుక్రవారం నాడు మహోత్సవం, అంటే తిరుసభ అత్యున్నత శ్రేణి పండుగ, పడితే ఆ నియమం ఉండదు. 2027లో యేసు పెంపుడు తండ్రి పునీత జోజప్పగారి మహోత్సవమైన మార్చి 19 శుక్రవారమే అవుతుంది. నలభై రోజులూ మాంసం ముట్టకుండా ఉండడం మన ఊళ్లలో తరతరాలుగా వస్తున్న మంచి ఆచారమే గాని, అది మీరు ఇష్టపూర్వకంగా తీసుకొనేది. తప్పితే పాపం చేశామని కుమిలిపోవలసినది కాదు.

మధుమేహానికి మందులు వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎండలో ఒళ్లు వంచి పనిచేసే కూలీలు భోజనం తగ్గించుకోవలసిన అవసరం లేదు. ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకొనేవారు వైద్యుణ్ణి అడగకుండా ఒక్క పూట కూడా మానకూడదు. అటువంటివారు నాలుకకు ఇష్టమైనదాన్ని ఒకటి వదులుకోవచ్చు, లేదా నాలుకనే అదుపులో పెట్టుకోవచ్చు. నలభై రోజులు ఇరుగుపొరుగు ముచ్చట్లలో ఒకరి చెడ్డ మాట్లాడకుండా ఉండడం పస్తు ఉండడంకన్నా కష్టమని ప్రయత్నించినవారే చెబుతారు.

ఒక చిన్న మాట చెప్పి ముందుకు పోతాను. నియమం చేపను అనుమతిస్తుంది గనుక శుక్రవారం నాడు కోడికూర మాని, దానికి రెండింతల ధర పెట్టి రొయ్యల ఇగురు వండుకొంటే చట్టం తప్పినట్లు కాదు. కానీ ఆ రోజు వంటింట్లో తపస్సు జరిగిందని కూడా అనలేము. పప్పు, పచ్చడి, మజ్జిగతో భోజనం ముగించి, అలా మిగిలిన డబ్బును పక్కన పెట్టండి. దాని అవసరం ముందు వస్తుంది.

ప్రార్థనను ఒక చోటికి, ఒక వేళకు కట్టివేయండి

ప్రార్థన నిలబడాలంటే దానికి కొత్త వేళ వెతకడం కన్నా, రోజూ ఎలాగూ జరిగే పనికి దానిని జతచేయడం మేలు. పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నంతసేపు జపమాలలో ఒక పదిపూసలు చెప్పుకోవచ్చు. బస్సు ఎక్కి కూర్చున్నాక ఆనాటి సువిశేషం చదువుకోవచ్చు. పిల్లలకు పరీక్షలున్న ఇంట్లో అందరూ గంటసేపు కూర్చొనే కుటుంబ ప్రార్థన పెట్టుకొని మూడో రోజే ఎత్తివేయడం కన్నా, పడుకొనే ముందు నిలబడి ఏడు నిమిషాల్లో ముగించే ప్రార్థన చివరి వరకు సాగుతుంది.

శుక్రవారం నాడు సిలువ మార్గానికి, అంటే యేసు సిలువ మోసిన దారిని పద్నాలుగు స్థలాలుగా ధ్యానించే ప్రార్థనకు, తప్పక వెళ్లండి. పొలం పనుల వల్లనో, ఆఫీసు వల్లనో వేళకు అందుకోలేనివారు, గల్ఫ్ దేశాల్లో ఇళ్లలో పనిచేస్తూ బయటికి రాలేనివారు, ఇంటివారితో ఫోనులో కలిసి చెప్పుకోవచ్చు. పద్నాలుగు స్థలాలనూ ఒకే వేగంతో చదివి ముగించడం కన్నా, వారానికి ఒక్క స్థలం దగ్గర ఆగి దానినే వారమంతా మనసులో ఉంచుకోవడం నాకు ఎక్కువ మేలు చేసింది.

ఉదాహరణకు అయిదో స్థలాన్ని తీసుకోండి. కురేనీయుడైన సీమోను సిలువ మోయడానికి తానుగా ముందుకు రాలేదు. అతడు పల్లె నుంచి వస్తూ ఆ దారిన పోతుంటే బలవంతాన పట్టుకొని అతనిచేత సిలువ మోయించారని మార్కు రాశాడు. పైగా అతడు అలెగ్జాండరుకు, రూఫుకు తండ్రి అని పిల్లల పేర్లు కూడా చెప్పాడు, అంటే చదివేవారికి ఆ పిల్లలు తెలిసినవారే అయి ఉండాలి. ఇష్టం లేకుండా, విసుక్కుంటూ, జనం చూస్తుండగా మోసిన బరువు ఆ ఇంటి పేరును సువిశేషంలో నిలిపింది. మంచాన పడిన అత్తగారికి మందులు వేస్తూనో, తాగి వచ్చిన తమ్ముణ్ణి లోపలికి తెచ్చి పడుకోబెడుతూనో విసుక్కొనే మనం, ఈ స్థలం దగ్గర కొంతసేపు నిలబడితే మన పక్కన ఎవరున్నారో తెలుస్తుంది.

పిడికెడు బియ్యం

మా నాయనమ్మ వంటింట్లో అటక కింద పాత బోర్న్‌విటా డబ్బా ఒకటి ఉండేది. అన్నానికి బియ్యం కొలిచి గిన్నెలో పోశాక, కడగడానికి ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో వేసి మూత పెట్టేది. డబ్బాలో వేయడానికి వేరే బియ్యం తెచ్చేది కాదు. ఇంటిల్లిపాదీ తినబోయే కొలతలోంచే తీసేది. అలా తీసిన రోజు చివరగా తినే ఆమెకు అడుగున మిగిలే ముద్ద కాస్త చిన్నదయ్యేదని నాకు చాలా ఏళ్ల తరువాత గాని తట్టలేదు. మన తెలుగు సంఘాల్లో ఎన్నో ఊళ్ల స్త్రీలు ఇలాగే పిడికెడు బియ్యం దాచి గుడికి తెచ్చేవారు. కొన్నిచోట్ల ఇప్పటికీ తెస్తారు.

మీ ఇంట్లో కూడా ఇదే చేయండి. మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి పొయ్యి పక్కనే, కంటికి కనిపించే చోట పెట్టండి. పిడికెడంటే సుమారు యాభై గ్రాములు అనుకొంటే 46 రోజులకు రెండు కిలోలకు పైగా అవుతుంది. పురుగు పట్టకుండా రెండు మూడు ఎండుమిరపకాయలు వేస్తే చాలు. శుక్రవారాల కూర ఖర్చులో మిగిలిన డబ్బును అదే డబ్బాలో కవరులో పెట్టండి. అది ఎవరికి ఇవ్వాలో మాత్రం మొదటి రోజే నిర్ణయించుకోండి. ఇవ్వబోయే మనిషి ముఖం తెలిసి ఉంటే చేయి మానదు. ఆ మనిషికి ముందుగా చెప్పవద్దు, ఇచ్చేటప్పుడు ఫోటో తీయవద్దు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట మత్తయి 6వ అధ్యాయంలోనే ఉంది.

మూడో వారంలో ఏం చేయాలి

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాము. మూడో వారానికి కొత్తదనం పోతుంది, గమ్యం ఇంకా దూరంగానే ఉంటుంది. ప్రార్థన పెదవుల మీద మాత్రమే సాగుతుంది. చదివిన వాక్యం ఇసుక మీద పోసిన నీళ్లలా ఇంకిపోతుంది. సరిగ్గా ఈ సమయంలోనే ఏదో ఒక పెళ్లి భోజనంలోనో, పుట్టినరోజు విందులోనో నియమం తప్పుతుంది. ఎలాగూ తప్పింది గదా అని మిగిలినదంతా వదిలేస్తాము.

మొదట, శరీరాన్ని చూసుకోండి. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి వేడుకొన్నాడు. దేవుడు అతణ్ణి మందలించలేదు, ఉపదేశమూ చేయలేదు. నిద్రపోనిచ్చాడు, దూతను పంపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండెడు నీళ్లు తలదగ్గర పెట్టించాడు, తిని మళ్లీ పడుకొంటే రెండోసారి లేపి, నీ శక్తికి మించిన ప్రయాణం ముందుంది, లేచి తిను అనిపించాడు. ఆ తిండి బలంతోనే అతడు నలభై పగళ్లు, నలభై రాత్రులు నడిచి హోరేబు చేరాడు. కాబట్టి ప్రార్థన మీద విసుగు పుట్టినప్పుడు, గత మూడు రాత్రులూ మీరు ఎన్ని గంటలు నిద్రపోయారో ముందు లెక్క చూసుకోండి. చాలాసార్లు మనం ఆత్మ ఎండిపోయిందనుకొనేది ఒళ్లు అలసిపోవడమే.

తరువాత, నియమాన్ని మానకుండా తగ్గించండి. 51వ కీర్తన మొత్తం చదవలేకపోతే “నాయందు శుద్ధహృదయము కలుగజేయుము” అన్న ఒక్క చరణంతో ఆగండి, కాని అదే వేళకు, అదే చోట నిలబడి చెప్పండి. నిప్పు ఆరకుండా పిడక కింద దాచినట్లు, పెద్దది చేయలేని రోజున చిన్నదైనా చేస్తే మరునాడు కొత్తగా అంటించవలసిన పని ఉండదు.

పూర్తిగా తప్పిన రోజు గురించి ఇంకొంచెం చెప్పాలి. సిలువ మార్గంలో యేసు మూడుసార్లు పడిపోతాడు: మూడో స్థలంలో, ఏడో స్థలంలో, తొమ్మిదో స్థలంలో. సువిశేషాల్లో ఈ పడడాలు రాసి లేవు. ఆ దారిని శతాబ్దాల పాటు ధ్యానించిన భక్తుల సంప్రదాయం వాటిని చేర్చింది. మొదటిసారి పడినదానికి, రెండోసారి పడినదానికి మధ్య మూడు స్థలాలున్నాయి. రెండోదానికి, మూడోదానికి మధ్య ఒక్కటే ఉంది, అక్కడ కూడా ఆయన తన కోసం ఏడుస్తున్న యెరూషలేము స్త్రీలను ఓదారుస్తూ కనిపిస్తాడు. అలసట పెరిగినకొద్దీ పడడం దగ్గరదగ్గరగా వస్తుందని ఈ వరుస కట్టినవారికి తెలుసు. లేచిన స్థలమని విడిగా ఏదీ పెట్టలేదు. తరువాతి స్థలంలో ఆయన ఇంకొంచెం ముందుంటాడు, అంతే. మీరు కూడా తప్పిన పూట గురించి ఒక మాట దేవునితో చెప్పి, తరువాతి పూట నుంచి యథాప్రకారం కొనసాగించండి. తప్పినదానికి జరిమానాగా మరునాడు రెట్టింపు ఉపవాసం ఉండాలనుకోవద్దు. అది రెండో పతనానికి దారి.

తోడు ఒకరిని పెట్టుకోండి. భార్యాభర్తలైతే సరే, లేకపోతే వదినగారో, పక్కింటి పిన్నిగారో, పనిచేసేచోట మిత్రుడో కావచ్చు. వారానికి ఒకసారి “ఎంతవరకు వచ్చింది?” అని అడిగి, జవాబు విని, సలహా ఇవ్వకుండా ఊరుకొనేవారైతే ఇంకా మంచిది. నాలుగో ఆదివారం వచ్చేసరికి తిరుసభే మనకు కొంచెం ఊపిరి పీల్చుకోనిస్తుంది: ఊదా వస్త్రాలకు బదులు గురువులు (ఫాదర్లు) గులాబీ రంగు వస్త్రాలు వేసుకోవచ్చు, పీఠం మీద పూలు పెట్టవచ్చు. ఆ రోజు ఇంట్లో కూడా పాయసం వండుకోండి.

లోపల పేరుకొన్నదాన్ని బయటపెట్టడం

నాలుగో వారం తరువాత, ఈస్టరుకు ముందటి పవిత్ర వారపు రద్దీకి ముందే, గురువు దగ్గర పాపాలు ఒప్పుకొనే పాపసంకీర్తనానికి వెళ్లండి. ముందురోజు రాత్రి పావుగంట ఆత్మశోధన చేసుకొని, చెప్పవలసినవి నాలుగైదు ముక్కల్లో మనసులో పెట్టుకోండి. చాలాకాలం తరువాత వెళ్లేవారు “ఫాదర్‌గారూ, ఎలా చేయాలో మరిచిపోయాను” అంటే చాలు; మిగిలినది ఆయన నడిపిస్తారు. ఇతరుల తప్పులు చెప్పి మన తప్పుకు కారణాలు చూపడం మాత్రం అక్కడ వద్దు. వ్యక్తిగత పాపసంకీర్తనం ఆచరణలో లేని సంఘాల వారు అదే ఆత్మశోధనను ఏకాంత ప్రార్థనలో చేసుకోవచ్చు.

దీనికన్నా కష్టమైనది ఇంకొకటి ఉంది. బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతుండగా నీ సోదరునికి నీమీద ఏదో ఉందని గుర్తుకొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడు అని ప్రభువు చెప్పాడు. పొలం గట్టు దగ్గర మాటా మాటా పెరిగి ఏళ్ల తరబడి పలకరింపులు లేని అన్నదమ్ములు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ తగాదా ఒక్కరోజులో తీరదు, గట్టు సరిహద్దు ఈ వారమే తేలనక్కరలేదు. ఎదురైనప్పుడు “బాగున్నావా అన్నయ్యా?” అని అడగగలిగితే ఈ ఏటికి అంతవరకు వచ్చినట్లు.

పవిత్ర వారం, ఆ తరువాత

మ్రానికొమ్మల ఆదివారం (మట్టల ఆదివారం) నుంచి కొత్త నియమాలేవీ తగిలించుకోవద్దు. ఉన్నవాటిని పూర్తిచేసి, ఆరాధనలకు వేళకు చేరితే చాలు. గురువారం సాయంత్రం గురువు పన్నెండుమంది పాదాలు కడగడం, శుక్రవారం సి.ఎస్.ఐ., లూథరన్ దేవాలయాల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు సాగే ఏడు మాటల ధ్యానం, కతోలిక దేవాలయాల్లో సిలువారాధన, శనివారం రాత్రి పాస్కా (ఈస్టరు) జాగరణ, వీటిలో ఏదీ వదులుకోదగినది కాదు. అన్నింటికీ వెళ్లడం సాధ్యం కానివారికి నేను శనివారం రాత్రినే సూచిస్తాను. జ్ఞానస్నానం పొందబోయేవారిని సిద్ధపరచే రోజులుగా ఈ కాలం తొలి శతాబ్దాల్లో రూపుదిద్దుకొంది. ఆ రాత్రి దీపాలార్పిన గుడిలో పాస్కా క్రొవ్వొత్తి నుంచి చేతిలోని చిన్న క్రొవ్వొత్తి వెలిగించుకొని, సైతానును త్యజిస్తున్నామని, తండ్రిని, కుమారుని, పవిత్రాత్మను విశ్వసిస్తున్నామని మనమందరం జ్ఞానస్నాన ప్రమాణాలను మళ్లీ పలుకుతాము. నూతనపరచబడడమంటే ఏమిటో తెలియక వెతుక్కొనేవారికి అది కంటికి కనిపించే చోటు అక్కడే ఉంది. నలభై రోజుల నడక ఆ జవాబు పలికేటప్పుడు గొంతులో వినిపిస్తుంది.

ఇదంతా చదువుతున్న మీకు ఇప్పటికే పవిత్ర వారం వచ్చేసి, కాగితమూ రాయక, డబ్బాలో గింజ కూడా వేయక ఉంటే, అప్పుడైనా మొదలుపెట్టండి. సాయంత్రం అయిదింటికి కూలికి వచ్చినవారికీ పొద్దుటి నుంచి ఎండలో పనిచేసినవారితో సమానంగా ఒక రోజు కూలి అయిన దేనారము ఇచ్చిన యజమాని కథ మత్తయి 20వ అధ్యాయంలో ఉంది. మిర్చి కోతల్లో ఏ మేస్త్రీ అలా ఇవ్వడు, అందుకే ఆ కథ మనవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఈస్టరు ఉదయం పూజ అయ్యాక, మాంసం వండే హడావుడిలో పడకముందే, డబ్బా తీసుకొని ముందు అనుకొన్న ఇంటికి వెళ్లి బియ్యం, కవరు ఇచ్చి రండి. ఇంటికి వచ్చి డబ్బా కడిగి, తుడిచి, ఎండలో ఆరబెట్టండి. సాయంత్రం మీ కాగితం మీది మూడు వాక్యాలను ఇంకొకసారి చదివి, వాటిలో ఏ ఒక్కటి ఈస్టరుకు ఏడు వారాల తరువాత వచ్చే పెంతెకోస్తు పండుగ వరకు కొనసాగించగలరో చూసి దాని కింద గీత పెట్టుకోండి. మిగతా రెంటిని కొట్టివేయండి. మ్రానికొమ్మల ఆదివారం నాడు గుడిలో ఇచ్చిన మట్టను పటం వెనక దాచండి. వచ్చే విభూది బుధవారానికి ముందు గుడిలో బోధించే ఉపదేశిగారు పాత మట్టలు తెమ్మని అడుగుతారు, బూడిద చేసేది వాటితోనే.